దేవత చేతి సూది

"సీసా వద్దంటాడు, చెంచా వద్దంటాడు, ఇంక వీడికి నా వేలే గతి!"

ముందుగదిలో అత్త అరుస్తోంది. ఆమె ఒళ్ళో ఐదు నెలల బుడ్డోడు వెనక్కి విరుచుకుపోయి ఏడుస్తున్నాడు. డబ్బాపాలు వాడి మెడ మడతల్లోకి, చెవి వెనక్కి, అత్త మోచేతి మీదికి కారాయి. నోట్లోకి మాత్రం పోలేదు.

స్నానాలగదిలో కోడలు గడియ వేసుకుని పాలు పిండి తూములో పారబోస్తోంది. ఆ చప్పుడు బయటికి పోకుండా కుళాయి తిప్పి వదిలింది. ఏడుపు మాత్రం లోపలికి వస్తూనే ఉంది. అది వినపడిన ప్రతిసారీ పాలు ఇంకా ఎగదన్నుకొస్తున్నాయి. ఒంటికి ఆసుపత్రి రూల్సు ఏం తెలుసు?

"ఒక్కసారి ఇవ్వవే తల్లీ! ఒక్కసారికి ఏమైపోతుంది?"

"ఇవ్వకూడదు అత్తయ్యా. వదిన చెప్పింది కదా."

"వదిన చెప్పింది, వదిన చెప్పింది! దానికేం తెలుసు, అదేమన్నా కన్నదా పెంచిందా..." అనేసి అత్త నాలుక్కరుచుకుంది.

వదిన అంటే అత్తకు పెద్దకూతురు. కోడలు పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. రాత్రి డ్యూటీ దిగొచ్చి, చెప్పులు కూడా విడవకుండా వంటింట్లో నిలబడే టీ తాగుతోంది. ఆ మాట ఆమెకు వినపడింది. గ్లాసు కడిగి బోర్లించింది. మూడు రోజులుగా ఆమె ఎవరినీ ఏమీ అనడం లేదు.

మొన్న పొద్దున ఆసుపత్రి లాండ్రీలో మాసిన దుప్పట్ల మూట విప్పుతుంటే, వాడేసిన సూది ఒకటి కోడలి అరచేతిలో దిగింది. ఎవరి రక్తమో, ఏ రోగమో తెలియదు. రోగం అంటకుండా వదినే మాత్రలు తెచ్చిచ్చింది. అవి వేసుకున్నన్నాళ్ళూ, పరీక్షల్లో ఏమీ లేదని తేలేదాకా బిడ్డకు పాలివ్వొద్దంది. ఆ పరీక్షలు ఒక పూటలో తేలేవి కావు. నెలలు పడుతుంది. అప్పటికి పాలుంటాయా?

కిటికీ బయట నిచ్చెన ఆనించిన చప్పుడైంది.

"అమ్మగారూ, మీ కిటికీ ఊచకి ఒక తాడు కట్టుకుంటాం. ఏమనుకోకండి."

అత్త ఏడుస్తున్న మనవణ్ణి భుజానేసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తింది. వీధికి అడ్డంగా బోర్డు లేస్తోంది. దాని మీద నర్సు బొమ్మ. వదిన నలుపు. బొమ్మ మాత్రం తెల్లగా మెరిసిపోతోంది. రెండు భుజాల వెనక రెండు రెక్కలు. కింద పెద్ద అక్షరాలు: 'మన మధ్య నడిచే దేవత'. రేపు సాయంత్రం ఆసుపత్రి వాళ్ళు సన్మానం చేస్తారు. పతకం ఇస్తారు. చప్పట్లు కొడతారు.

"ఇంకొంచెం పైకి లాగు నాయనా! దాని ముఖం సందు చివరిదాకా కనపడాలి!"

అప్పుడే మెకానిక్ లోపలికొచ్చాడు. నర్సుకి తమ్ముడు, కోడలికి మొగుడు. బస్సుల షెడ్డులో పని. మోచేతుల దాకా నల్లటి నూనె.

"అక్కా, ఆ రెక్కలేసుకుని మా బస్సెక్కకు. కండక్టరు రెండు టికెట్లు కొట్టేస్తాడు."

ఎవరూ నవ్వలేదు. నవ్వరని అతనికీ తెలుసు. లోపలి మాట పైకి రాకుండా ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. స్నానాలగది మూసిన తలుపు వంక చూశాడు.

"ఇంకా లోపలే ఉందా?"

"ఉంది. పాలు తూములో పోస్తోంది. చూడలేక చస్తున్నాను," అంది అత్త.

"లాండ్రీ మేస్త్రి కనపడ్డాడు దార్లో. పరీక్ష తేలేదాకా పనిలోకి రావద్దన్నాడు. అన్నాళ్ళూ జీతం లేదట. తప్పంతా దానిదేనట. చేతి తొడుగులు వేసుకోలేదట."

"వేసుకోవచ్చుగా మరి?"

"ముగ్గురికి కలిపి ఒక్క జత ఇచ్చారమ్మా! ఆ పూట అవి ఇంకొకామె చేతికున్నాయి. సూది నర్సుకి గుచ్చుకుంటే ప్రమాదం. ఉతికేదానికి గుచ్చుకుంటే నిర్లక్ష్యం. అంతేనా?"

"దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టకురా. నర్సు ప్రాణాలు నిలబెడుతుంది."

"నేను బ్రేకులు సరిగ్గా బిగించకపోతే ఒక బస్సెడు జనం పోతారు. నాకేవీ రెక్కలు? ఇది ఆ దుప్పట్లు ఉడకబెట్టి ఉతకకపోతే మీ దేవతల వార్డులో రోగులు కొత్త రోగాలు తెచ్చుకుంటారు. దీనికేదీ బోర్డు?"

"ఓర్వలేక మాట్లాడుతున్నావు. అక్క మీద ఏడుపు నీకు!"

"అక్క మీద కాదమ్మా. ఆ బోర్డు మీద."

నర్సు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"వాడు చెప్పేది నిజమే. బోర్డు దించమని చెప్పమ్మా."

"నీకేమన్నా పిచ్చా? ఊరంతా చేతులెత్తి దండం పెడుతుంటే..."

"వార్డుకి ఇంకో మనిషిని ఇమ్మని ఎన్నిసార్లు అడిగానో తెలుసా? ఇద్దరం చూసుకోవాల్సిన వాళ్ళకి మూడింతల మంది ఉన్నారు. మనిషిని ఇవ్వలేదు. రెక్కలిచ్చారు. ఇప్పుడు మళ్ళీ అడిగితే ఏమంటారు? దేవతకి అలసట ఏమిటంటారు."

ఆమె చెప్పింది అక్షరాలా జరుగుతున్నదే. పొగడ్డానికి ఆసుపత్రికి ఖర్చు లేదు. ఒక బోర్డు, ఒక పతకం, ఒక సాయంత్రం చప్పట్లు. జీతం పెంచాలంటే ఖర్చు. తొడుగులు కొనాలంటే ఖర్చు. అందుకే ఒకత్తెను దేవతను చేసి ఎత్తున కూర్చోబెడతారు. ఆమె నోరు మూసుకుంటుంది. కింద దుప్పట్లు ఉతికేదాన్ని ఎవరూ చూడరు. చూడకపోతే అడిగేవాడుండడు. ఒకే పొగడ్తతో ఇద్దరి నోళ్ళూ కుట్టేయడం ఎంత చవక!

"అదంతా తర్వాత," అన్నాడు మెకానిక్. "ఆ సూది ఎవరు వదిలారో చెబితే చాలక్కా. ఏ మంచమో తెలుస్తుంది. ఆ రోగి రక్తం చూస్తారు. ఏమీ లేదంటే ఇది ఈ రోజే మాత్రలు మానేసి బిడ్డకి పాలిచ్చుకుంటుంది. ఒక్క మాట! ఆ మహాతల్లెవరో ఆ ఒక్క మాట చెప్పట్లేదు."

నర్సు గుమ్మానికి ఆనుకుంది.

"ఎవరో ఆయా పడేసుంటుంది," అంది అత్త. "నర్సులు అట్లా చెయ్యరు."

గడియ తీసిన చప్పుడైంది. కోడలు బయటికొచ్చింది. ముఖం కడుక్కుంది కానీ కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. అరచేతికి పట్టీ.

"ఆయా కాదత్తయ్యా. నర్సే."

"నువ్వు చూశావా?"

బుడ్డోడు తల్లి గొంతు విని అటు తిరిగి రెండు చేతులూ చాచాడు. ఆమె వాడి వైపు ఒక అడుగు వేసి, ఆగి, తడి బట్టల బకెట్టు అందుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి నర్సు కూడా వెనకే వెళ్ళింది.

పెరడంటే ఒక గోడ, ఒక తీగ, నీళ్ళ తొట్టి. కోడలు బుడ్డోడి బట్టలు ఒంటిచేత్తో పిండలేక అవస్థ పడుతోంది. నర్సు రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు మెలిపెట్టారు. నీళ్ళు కారాయి.

"ముడి చూశావా?" అంది నర్సు.

"చూశాను."

ఆసుపత్రిలో మాసిన దుప్పటి దులపరు. దులిపితే క్రిములు లేస్తాయి. నాలుగు మూలలూ కలిపి మూట కట్టి లాండ్రీకి పంపుతారు. అందరి ముడీ ఒకవైపు తిరిగి ఉంటుంది. ఎడంచేతి వాటం మనిషి కడితే రెండోవైపు తిరుగుతుంది. మగవాళ్ళ వార్డులో ఎడంచేతి వాటం ఒక్కరే. ఇంట్లో బుడ్డోడి మాసిన బట్టలు మూట కట్టేదీ ఆ చెయ్యే. ఆ ముడి కోడలు రోజూ రెండుచోట్లా విప్పుతుంది.

"మరి మొన్నే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"మేస్త్రికి చెప్పాను, ఎడంచేతి ముడి అని. ముడి చూసి మనిషిని చెప్తావా, జాతకం కూడా చెప్పు అని నవ్వాడు. ఎవరిదో మాత్రం చెప్పలేదు."

"ఎందుకు?"

"నువ్వు చెప్తావని."

నర్సు చేతిలో బట్ట జారింది. మళ్ళీ పట్టుకుంది.

"ఆ సాయంత్రం నువ్వు మాత్రలు తెచ్చి నా చేతిలో పెట్టావు చూడు, అప్పుడు చెప్తావనుకున్నాను వదినా. నీ పెదాలు కదిలాయి కూడా. చెప్పిందేంటో తెలుసా? తిన్నాక వేసుకో అన్నావు."

"కిటికీ పక్క మంచం," అంది నర్సు. "ఒక ముసలాయన. సూది వేసి, ఇంకా చేతిలోనే ఉంది. పక్క మంచం మీదాయన ఫిట్స్ వచ్చి కింద పడిపోయాడు. సూది దుప్పటి మీద పెట్టి పరిగెత్తాను. అక్కణ్ణించి ఇంకో మంచం. ఇంకో మంచం. తెల్లారాక ముసలాయన దుప్పటి తడిపేసుకుంటే, వచ్చి చుట్టేశాను. చుట్టేటప్పుడు గుర్తు లేదు. నీ చేతికి కట్టు కడుతున్నప్పుడు గుర్తొచ్చింది."

"కట్టు కడుతున్నప్పుడే?"

"అప్పుడే."

కోడలు తీగ మీద బట్ట ఆరేసింది. క్లిప్పు పెట్టింది. అది జారిపోతే మళ్ళీ పెట్టింది.

"పొరపాటే వదినా. నేనూ చేస్తాను పొరపాట్లు. ఒకసారి సబ్బు సరిగ్గా వదలక పిల్లల వార్డులో అందరికీ దద్దుర్లొచ్చాయి. మేస్త్రి నలుగురిలో నిలబెట్టి తిట్టాడు. తిన్నాను తిట్లు. మళ్ళీ ఉతికాను. మమ్మల్ని తిడతారు కాబట్టి మేం చెప్పేస్తాం. నిన్నెవరూ తిట్టరు. నీకు అలవాటు తప్పింది."

"తిట్లకి కాదే నా భయం. ఉద్యోగం పోతుంది. నీదీ లేదు, నాదీ పోతే ఇల్లెట్లా? అదొకటి. ఇంకోటి... అమ్మ." నర్సు కిటికీ వైపు చూసింది. "అమ్మ ఇంకెవరి గురించి అట్లా మురిసిపోయింది జీవితంలో? నాన్న పోయాక ఆవిడ తలెత్తి వీధిలో నడిచింది నన్ను చూసే. ఈ సన్మానం అయిపోనీ, ఆ మర్నాడు చెప్దాం అనుకున్నాను. రోజూ అనుకున్నాను."

"రోజూ నేను తూములో పోశాను."

లోపల ఏడుపు ఆగింది. ఆకలి తీరి ఆగిన ఏడుపు కాదది. ఓపిక లేక ఆగింది. ఇద్దరికీ ఆ తేడా తెలుసు.

"ముసలాయన ఇంకా ఉన్నాడా వార్డులో?" అంది కోడలు.

"ఉన్నాడు. మధ్యాహ్నం పంపించేస్తారు. ఆయనది దూరం. ఎవరో మనవడొచ్చి తీసుకుపోతాడట."

"ఈ రోజు మధ్యాహ్నమా?"

"ఊఁ."

"మరి ఇక్కడ బట్టలు పిండుతున్నావేంటి నాతో?"

నర్సు చేతులు తుడుచుకోకుండానే లోపలికి నడిచింది.

ముందుగదిలో అప్పటికే ఒక మనిషి కుర్చీలో కూర్చున్నాడు. ఆసుపత్రి పీఆర్వో, ప్రచారం పనులు చూసేవాడు. సెంటు వాసన, చేతిలో ఫోను. గుమ్మం బయట ఆసుపత్రి కారు. అత్త ఆయనకు నీళ్ళిచ్చి, మనవణ్ణి ఒడిలో వేసుకుని గోడవార నేల మీద కూర్చుంది. బుడ్డోడు ఆమె చంకలో తల వేలాడేశాడు.

"రండి సిస్టర్ గారూ! స్టేజీ మీద ఎక్కడ నిలబడాలో ఒకసారి చూపిస్తాం, రెండు ఫోటోలు తీసుకుంటాం, అంతే. యూనిఫాం వేసుకుని రండి. ఇదిగో, రేపు మీరు చదవాల్సింది కూడా రాయించాను. సేవే నా శ్వాస, అని మొదలవుతుంది."

"సార్, మొన్న లాండ్రీలో ఒకామెకి సూది గుచ్చుకుంది."

"విన్నాను. పాపం. జాగ్రత్త తక్కువ వాళ్ళకి."

"ఆ సూది నాది."

పీఆర్వో చిరునవ్వు అట్లాగే ఉండిపోయింది. దాన్ని తీసేయడం ఆయన మర్చిపోయాడు. మెకానిక్ చేతులు కడుక్కుంటున్నవాడు సబ్బు చేతులతోనే తిరిగాడు.

"నువ్వా?"

నర్సు తమ్ముడి ముఖం చూడలేదు. అతన్ని ఎత్తుకుని తిప్పిందీ, షెడ్డులో పనికి చేర్చిందీ ఆమే. అతని చేతుల మీది నురగ నేల మీదికి కారుతోంది.

"అది అబద్ధం చెప్తోందండీ," అంది అత్త గబగబా. "మరదలి మీద జాలికొద్దీ తన నెత్తిన వేసుకుంటోంది. చిన్నప్పట్నించీ అంతే. మహాతల్లి."

"అమ్మా."

"నువ్వు అట్లా చెయ్యవు. నా కూతురు అట్లా చెయ్యదు."

"చేశానమ్మా. చేసి, మూడు రోజులు నోరు మూసుకున్నాను. వాడి పాలు తూములో పోతుంటే పక్కగదిలో పడుకుని విన్నాను."

అత్త కూతురి ముఖం వంక చూసింది. తెలిసిన ముఖమే. కానీ ఎక్కడో తప్పిపోయిన మనిషిని వెతుకుతున్నట్టు చూసింది. తర్వాత తల దించుకుని మనవడి మెడ మడతల్లో ఎండిన పాలు కొంగుతో తుడవసాగింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

పీఆర్వో లేచి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

"సిస్టర్ గారూ, మీరు అలసిపోయారు. ఇట్లాంటివి ఈ రోజు మాట్లాడుకునేవి కావు. రేపు సాయంత్రం కానివ్వండి. ఎల్లుండి తీరిగ్గా కూర్చుందాం. మీ మరదలికీ ఏదో ఒకటి చేద్దాం."

"ఎల్లుండికి ఆ రోగి ఉండడు సార్. ఈ మధ్యాహ్నం వెళ్ళిపోతాడు. ఆయన రక్తం ఇప్పుడే తీసి చూడాలి. తీయాలంటే ఎందుకో వార్డు డాక్టరుకి చెప్పాలి. నేనే చెప్తాను. నన్ను వార్డులో దించండి చాలు."

"వార్డులో చెబితే గంటలో ఊరంతా తెలుస్తుంది. రేపు స్టేజీ మీద ఎవర్ని నిలబెట్టమంటారు నన్ను?"

"లాండ్రీ నుంచి ఒకర్ని నిలబెట్టండి," అన్నాడు మెకానిక్. "రెక్కలు ఖాళీగానే ఉన్నాయిగా."

పీఆర్వో అతని మాట విననట్టే ఉన్నాడు. "చూడండి. నర్సు చేతిలో పొరపాటు జరిగిందంటే మీకొక్కరికే కాదు చెడ్డపేరు. మొత్తం నర్సులకి. జనం మిమ్మల్ని దేవతలుగా చూస్తున్నారు. ఆ నమ్మకం పోగొడతారా?"

"పోనివ్వండి. నన్ను మనిషిగా చూస్తే అప్పుడన్నా వార్డుకి ఇంకో మనిషినిస్తారేమో."

"ఉద్యోగం ఉండదు. ముందే చెప్తున్నాను. తర్వాత నన్నననొద్దు."

గదిలో అందరూ నర్సునే చూస్తున్నారు. మాట బయటికి వచ్చింది, అడుగు మాత్రం గుమ్మం వైపు పడలేదు. భయం ఒక్కసారి చెబితే పోయేది కాదు.

కోడలు పెరట్లోంచి వచ్చింది. అత్త ఒళ్ళోంచి బుడ్డోణ్ణి తీసుకుంది. పీఆర్వో దగ్గరగా వేసిన తలుపు మోచేత్తో నెట్టింది. మెట్లు దిగింది. కారు వెనక తలుపు తీసుకుని లోపల కూర్చుంది.

"ఏమ్మా! ఏమ్మా, ఆ కారు మీక్కాదు! సిస్టర్ గారి కోసం తెచ్చింది!" పీఆర్వో వెనకే పరిగెత్తాడు. "దిగండి. సీట్లు పాడవుతాయి."

"పాడైతే ఉతుకుతాను," అంది కోడలు. "ఉతికేదాన్నేగా."

వీధిలో నిచ్చెన మీదున్నవాడు తాడు వదిలేసి చూస్తున్నాడు. అటుపక్క ఇళ్ళ కిటికీలు తెరుచుకున్నాయి. నర్సు మెట్ల మీదికి వచ్చింది. ఒంటి మీద ఇంటి బట్టలే. జుట్టు దువ్వలేదు. మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. కారు రెండోవైపు తిరిగి, తలుపు తీసి మరదలి పక్కన కూర్చుంది.

"వార్డుకి పోనివ్వు బాబూ," అంది డ్రైవరుతో.

డ్రైవరు పీఆర్వో వంక చూశాడు. పీఆర్వో ఫోను చెవిన పెట్టుకుని అటు తిరిగాడు. "సార్, చిన్న ఇబ్బంది సార్... లేదు సార్, దిగట్లేదు..."

కారులో తల్లి ఒంటి వాసన తగిలి బుడ్డోడు కళ్ళు తెరిచాడు. మూడు రోజుల తర్వాత ఇంత దగ్గర. ముఖం ఆమె రొమ్ముకేసి రుద్దాడు. నోరు తెరుచుకుని, గుడ్డ మీదే, వెతికాడు. పాలు పొంగి జాకెట్టు తడిసిపోయింది. ఆ తడి వాడి బుగ్గకంటుకుంది. వాడు నాలుక చాపాడు.

కోడలు రెండు చేతులతో వాణ్ణి ఒంటి నుంచి ఊడదీసి, పక్కకి తిరిగి, నర్సు ఒళ్ళో పెట్టింది.

"నువ్వు పట్టుకో," అంది. ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది.

వాడు నర్సు గుండెల మీద కూడా అదే వెతుకుతున్నాడు.

డ్రైవరు ఇంకా బండి స్టార్టు చెయ్యలేదు.